జూనోని అమ్మే ముందు

జులై నెలాఖరుకల్లా చిన్న గది ఖాళీ చెయ్యాలి. ఆగస్టులో మా ఇంటికి పాపో బాబో వస్తున్నారు. ఉయ్యాల పట్టాలంటే కిటికీ కింద స్టాండు మీదున్న నా రోలాండ్ జూనో 106 వెళ్ళిపోవాలి. ఇంగ్లండులో మూడు బెడ్‌రూముల ఇల్లంటే ఆ మూడోది ఎంతుంటుందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. మా అమ్మ వీడియో కాల్‌లో కనిపించినప్పుడల్లా "ఒరేయ్, ఆ హార్మనీ పెట్టె ఇంకా ఉందా?" అంటుంది. ఈసారి ఉండదమ్మా.

ఇలాంటి పాత అనలాగ్ సింథసైజర్లని అనుకరించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు బోలెడున్నాయి. అసలుదానికీ దీనికీ తేడా తెలీదని అమ్మేవాళ్ళంతా అంటారు. కొనేవాళ్ళలో ఎక్కువమంది దగ్గర పోల్చి చూసుకోడానికి అసలుది ఉండదు. నా దగ్గర ఉంది, ఇంకో ఆరు వారాలు. ఒకసారి గుమ్మం దాటిందంటే మళ్ళీ కొనేంత డబ్బూ ఉండదు, చోటూ ఉండదు. అందుకని ఈ నెలంతా రాత్రిళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ట్రయల్ వెర్షన్లు దింపుకుని, పక్కపక్కన పెట్టి విన్నాను.

సింథసైజర్ ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది 1984లో వచ్చిన మోడల్, వయసులో నాకంటే పెద్దది. ఆరు గొంతులు, అంటే ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది. ఒక్కో గొంతులో ధ్వని పుట్టించే ఆసిలేటర్, దాని పదును తగ్గించే ఫిల్టర్, హెచ్చుతగ్గులు చూసే యాంప్లిఫయర్ ఉంటాయి. అన్నిటినీ కలిపి చివర్లో కోరస్ గుండా పంపుతుంది. నా దాంట్లో అయిదో గొంతు అప్పుడప్పుడు మూగబోతుంది. ఈ మోడల్‌కి అది పుట్టుజబ్బు. ఫిల్టరూ యాంప్లిఫయరూ కలిసుండే 80017ఏ అనే చిప్పు మీద నల్లటి ఎపాక్సీ పూత పోశారు. ఏళ్ళు గడిచేసరికి ఆ పూతే చిప్పుని పాడుచేస్తోంది. ఎసిటోన్‌లో నానబెట్టి పూత ఒలిచేసేవాళ్ళున్నారు. నాకంత గుండె లేదు.

మొదట తేల్చుకోవాల్సింది, సాఫ్ట్‌వేర్ ఏ మోడల్‌ని అనుకరిస్తోందన్నది. "జూనో సౌండ్" అని అందరూ అంటారుగానీ 1982 నాటి జూనో 60 వేరు, 106 వేరు. 60లో ఆర్పెజియేటర్ ఉంది, 106లో లేదు. 106లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే పోర్టమెంటో ఉంది, 60లో లేదు. 60లో కోరస్ బటన్లు రెండూ కలిపి నొక్కితే మూడో రకం పలుకుతుంది, 106లో అలా కుదరదు. టాల్ వాళ్ళ యు-నో-ఎల్ఎక్స్ 60ని చూసి చేసింది. 106ని రోలాండ్ వాళ్ళే సాఫ్ట్‌వేర్‌గా అమ్ముతున్నారు. ఏది గొప్ప అన్నది కాదు, మనకి కావాల్సిన వంటకం ఏదో తెలీకుండా హోటల్ బాగాలేదంటే ఎలా?

రెండోది, నన్ను బాగా నవ్వించిన విషయం. కొన్ని ప్లగిన్లలో "వింటేజ్" అని ఒక నాబ్ ఉంటుంది. తిప్పితే శ్రుతి అటూ ఇటూ ఊగుతుంది. "ఆహా, అనలాగ్ వెచ్చదనం" అనుకుంటాం. కానీ జూనోలో శ్రుతి అలా ఊగదు! దాని ఆసిలేటర్లని డిజిటల్ గడియారం అదుపులో ఉంచుతుంది. ఆరు గొంతులూ శ్రుతిలోనే ఉంటాయి. శ్రుతి జారడం 1970 నాటి మినీమూగ్ లాంటివాటి లక్షణం, వాటి ఆసిలేటర్లు నేరుగా వోల్టేజి మీద నడుస్తాయి, గది వేడెక్కితే కదులుతాయి. 1978 నాటి ప్రాఫెట్ 5 మీద ట్యూన్ బటన్ పెట్టింది కూడా అందుకే. నా జూనోలో గొంతుకీ గొంతుకీ మారేది శ్రుతి కాదు, ఫిల్టర్ పదును. ఒకే మీటని ఆరుసార్లు నొక్కితే ఒకసారి కొంచెం మసకగా, ఇంకోసారి కొంచెం కరుకుగా వస్తుంది. ఇది పట్టుకున్న ప్లగిన్ ఒక్కటే కనిపించింది. మిగతావాళ్ళు మనుషుల ఊహలో ఉన్న పాత సింథ్‌ని అనుకరించారు.

ఇక వినడం. ప్రీసెట్లు వినకండి. అవి పెళ్ళిచూపుల నాటి ముస్తాబు, రివర్బూ డిలేలూ పూసి ఉంటాయి. అన్నీ తీసేసి, ఒక్క రంపపు తరంగం పెట్టి, ఫిల్టర్ పూర్తిగా తెరిచి, పైస్థాయి స్వరాలు వాయించండి. డిజిటల్ ధ్వనికి ఒక గోడ ఉంటుంది. సెకనుకి 44,100 నమూనాల లెక్కన 22,050 హెర్ట్జ్ దాటిందేదీ లోపల పట్టదు. పియానో చివరి మీట 4,186 హెర్ట్జ్. దాని ఆరో హార్మోనిక్ 25,116. నాసిరకం సాఫ్ట్‌వేర్‌లో అది గోడకి తగిలి 18,984 దగ్గరికి వెనక్కి పడుతుంది. ఇంకా పైనున్న హార్మోనిక్కులు ఇంకా కిందకి, చెవికి బాగా అందేచోటికి వచ్చి పడతాయి. పట్టుకోవడం తేలిక: పిచ్ బెండ్‌తో స్వరాన్ని పైకి లాగుతుంటే, వెనకాల సన్నగా ఒక ఈల కిందకి దిగుతుంటుంది. నేను చూసినవాటిల్లో ఒకటి ఇక్కడే పోయింది.

తర్వాత ఫిల్టర్. రెజొనెన్స్ చివరిదాకా పెంచితే జూనో ఫిల్టర్ తనంతట తనే పాడటం మొదలెడుతుంది. ఆ ఈలని మీటలతో వాయిస్తూ పైకి వెళ్ళి, ఎక్కడిదాకా శ్రుతిలో ఉంటుందో, గొంతు ఎక్కడ మారుతుందో చూడాలి. ఫిల్టర్‌లో బయటికొచ్చిన సంకేతం మళ్ళీ లోపలికి పోతుంది. సర్క్యూట్‌లో ఆ పని దాదాపు తక్షణం జరిగిపోతుంది, ప్రోగ్రాములో తేలికదారి పడితే ఒక నమూనా ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం లేకుండా చెయ్యాలంటే నమూనా నమూనాకీ సమీకరణాలు సాధించాలి, ప్రాసెసర్ నలుగుతుంది. అందుకే బాగా చేసిన ప్లగిన్ ఆరు గొంతులతో వాయిస్తే నా ఆఫీసు లాప్‌టాప్ ఫ్యాను ప్రెషర్ కుక్కరైంది. (ఆఫీసు లాప్‌టాప్ అని మా మేనేజర్‌కి చెప్పకండి.)

కోరస్ గురించి చెప్పకపోతే జూనో గురించి చెప్పనట్టే. లోపల బకెట్ బ్రిగేడ్ చిప్పులుంటాయి. ఇల్లంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చినట్టు, ధ్వనిని చిన్న చిన్న కెపాసిటర్ల మీదుగా అందిస్తూ ఆలస్యం చేస్తాయి. అలా అందించేటప్పుడు కొంత చుట్టూ తొణుకుతుంది, అదే ఆ "హిస్స్" రొద. చాలా ప్లగిన్లలో రొదని ఆపేసే మీట ఉంది. నేను మొదటిరోజే ఆపేశాను. మూడోరోజు మళ్ళీ పెట్టుకున్నాను. మంద్రంలో పట్టి ఉంచిన స్వరాల కింద ఆ రొద లేకపోతే నేల లేనట్టుంది.

మనవాళ్ళకి పనికొచ్చే పరీక్ష ఇంకోటి. పోర్టమెంటో మధ్యలో పెట్టి స నుంచి ప కి, తర్వాత స నుంచి పైస్థాయి స కి జారండి. బయల్దేరేటప్పుడు ఎలా కదులుతోంది, ఆగేటప్పుడు ఎలా ఆగుతోంది? గమకం వాయించాలనుకునేవాడికి ఫిల్టర్ కంటే ఇది ముఖ్యం. సమీక్షల్లో దీని గురించి ఒక్క వాక్యం కూడా చూడలేదు నేను. నా సంగీతం నా తెలుగు టైపింగ్ లాంటిదే, రెండూ సొంతంగా నేర్చుకున్నవే, రెండిట్లోనూ వత్తులు తప్పుతాయి. అయినా జారుడు తప్పితే మాత్రం తెలిసిపోతుంది.

ఇన్ని పరీక్షలయ్యాక, నా చెవి మీద నాకు మహా నమ్మకంతో, మా ఆవిడని కూర్చోబెట్టాను. ఒకే వరస, పన్నెండు ముక్కలు. కొన్ని జూనోవి, కొన్ని ప్లగిన్‌వి. అన్నిటి శబ్దమూ ఒకే మోతాదుకి సరిచేశాను, ఎందుకంటే కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు వినిపిస్తుంది, ఇది అందరి చెవికీ ఉన్న బలహీనత. తను వినిపిస్తుంటే ఏది ఏదో నేను చెప్పాలి. ఏడు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా ఆరొస్తాయి.

"ఎనిమిదేళ్ళ నుంచీ వింటున్నావుగా," అంది.

"అయిదో గొంతు మూగబోయి ఉంటే కనిపెట్టేసేవాణ్ణి," అన్నాను.

ఆ రాత్రి కాసేపు నిద్ర పట్టలేదు. తేడా లేదని కాదు. విడిగా, గీసి గీసి పరీక్షిస్తే ఉంది. పాటలో, డ్రమ్ముల వెనక, నాకు దొరకలేదు. అమ్మడానికి మనసు ఒప్పుకోకపోవడానికి నేను చెప్పుకుంటున్న కారణం శబ్దం, అసలు కారణం ఆ స్లయిడర్ల మీద వేళ్ళు.

కాబట్టి కొనేటప్పుడు అతి దగ్గరగా ఉన్నదాన్ని వదిలేసి, రెండోదాన్ని కొన్నాను. నా దగ్గరున్న చిన్న కంట్రోలర్ స్లయిడర్లకి అది సుళువుగా కుదురుకుంది, మౌస్ పట్టుకోకుండా వాయించొచ్చు. ఇంకో కారణం, నెలనెలా చందా లేదు. మెయింటెనెన్స్ ప్రాజెక్టుల్లో పన్నెండేళ్ళు గడిపినవాణ్ణి, సాఫ్ట్‌వేర్ ఎలా చస్తుందో నాకు తెలుసు. 2019లో ఆపిల్ వాళ్ళు కాటలీనాతో 32 బిట్ ప్రోగ్రాములకి తలుపు మూసేశారు. అప్పటిదాకా పనిచేసిన ప్లగిన్లు ఎన్నో ఒక్క అప్‌డేట్‌తో మూగబోయాయి. నలభై ఏళ్ళ చిప్పుకి ఎసిటోన్ ఉంది, వాటికి అదీ లేదు. అందుకే కొనేముందు చూడండి: లైసెన్సు ఎన్ని యంత్రాల మీద పనిచేస్తుంది, ఇంటర్నెట్ లేకుండా తెరుచుకుంటుందా, ఆ కంపెనీ పాత ప్లగిన్లని కొత్త సిస్టమ్‌కి మార్చిన చరిత్ర ఉందా.

పోయిన శనివారం జూనో వెళ్ళిపోయింది. కొనడానికొచ్చిన కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. అయిదో గొంతు సంగతి ముందే చెప్పాను. "తెలుసు, ఎసిటోన్ తెచ్చిపెట్టుకున్నాను," అన్నాడు. కారు డిక్కీలో పట్టలేదు. వెనక సీటు మీద దుప్పటి పరిచి పడుకోబెట్టి, పైనుంచి సీటు బెల్టు పెట్టాడు.