కొనే ముందు కొలవండి

విద్యార్థులారా! ముందుగదిలో ఇంటర్నెట్ చక్కగా వస్తుంది. వెనుకగదిలో మాత్రం పాఠం మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు మీరు ఇంట్లో పెద్దవాళ్ళను ఏమడుగుతారు? "ఇంకో రూటరు కొందాం" అనేగా! అడగడం తప్పు కాదు. కొలవకుండా కొనడం తప్పని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

మా అమ్మాయి చదువుకొనే గదికి వై-ఫై అందడం లేదని, సిగ్నలును అందుకొని మళ్ళీ ప్రసారం చేసే రిపీటరు ఒకటి కొని ఆ గదిలోనే పెట్టాను. ఫోనులో గీతలన్నీ నిండుగా కనిపించాయి. పాఠం మాత్రం మునుపటిలాగే ఆగింది! రిపీటరు తనకు వినబడినదే తిరిగి చెప్పగలదు. వినబడని చోట కూర్చోబెడితే ఏం చెబుతుంది? పైగా వినడం, చెప్పడం రెండూ ఒకే ఛానెల్‌పై జరిగితే వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

అప్పుడు కొలిచాను. సిగ్నలు బలాన్ని డి.బి.ఎం.లలో చూపే ఉచిత ఆప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరుకుతాయి. రూటరు దగ్గర మైనస్ 40, వెనుకగదిలో మైనస్ 80 చూపింది. 40 తేడా చిన్నదనుకోకండి. 10 తగ్గిన ప్రతిసారీ శక్తి పదోవంతు అవుతుంది. అంటే వెనుకగదికి చేరింది పదివేలవ వంతే!

మా రూటరు ఇనుప బీరువా వెనుక ఉండేది. రేడియో తరంగాలు జింకు రేకుపై పడి వెనక్కి మరలుతాయని 1888లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ ప్రయోగం చేసి చూపాడు. ఏటా తరగతిలో చెప్పే నాకు, మా ఇంటి బీరువా కూడా రేకేనన్న సంగతి తోచలేదు. రూటరును అక్కడినుంచి తీసి నడవలో ఎత్తుగా పెట్టాను. వెనుకగదిలో మైనస్ 68 వచ్చింది. సుమారు 16 రెట్లు ఎక్కువ బలం, పైసా ఖర్చు లేకుండా!

కాంక్రీటు గోడలు, మేడమీది గదులు ఉన్న ఇళ్ళలో ఇది చాలకపోవచ్చు. అప్పుడు రెండో రూటరు అవసరమే. అటకమీద పాతది ఉంటే ముందు దాన్ని దించండి. రెండింటినీ కేబుల్‌తో కలపడమే మేలు. 100 మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు. మొదటిదాని లాన్ రంధ్రం నుంచి రెండోదాని లాన్ రంధ్రానికే తీగ వేయాలి. అయితే తీగ కలిపే ముందే, పెద్దల అనుమతితో రెండోదాని చిరునామా మార్చి, అందులో డి.హెచ్.సి.పి. ఆపివేయాలి. ఇంట్లోని పరికరాలకు నెంబర్లు పంచే పని అది. ఒకే తరగతికి ఇద్దరు మాస్టర్లు ఎవరికి వారు హాజరు నెంబర్లు ఇస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా! 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1, రెండోదానికి 6 లేదా 11 ఛానెల్ ఇస్తే ఒకదాని మాటకు మరొకటి అడ్డురాదు.

ఈ ఆదివారం నోటుబుక్కులో మీ ఇంటి పటం గీయండి. గదిగదికీ తిరిగి కొలతలు రాయండి. రూటరు చోటు మార్చి మళ్ళీ కొలవండి. అప్పటికీ చాలకపోతే ఆ పటం పెద్దవాళ్ళకు చూపించి అడగండి. మారాం చేసి అడిగినదానికన్నా లెక్క చూపి అడిగినదానికి విలువ ఎక్కువ.