రక్తము చెప్పు సాక్ష్యము

2020వ సంవత్సరము మే నెల 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణపు పొలిమేరలోని ప్లాస్టిక్కు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి, పరిసర గ్రామస్థులను నిద్రలోనే క్రమ్మివేసినది. పన్నెండుగురు మరణించిరి. దేశమంతయు దుఃఖించినది, విచారణ సంఘములు కూర్చున్నవి, నివేదికలు వెలువడినవి. ఘోరము కన్నులయెదుట జరిగినపుడు ప్రజలు మేల్కొందురు, ప్రభుత్వములు కదలును. కాని అట్టి ఆవిరులనే కొంచెము కొంచెముగా, దినదినమును, ఇరువది ముప్పది సంవత్సరములు పీల్చుచు పనిచేయు కార్మికుని గుఱించి విచారించు సంఘమేది? అతడొక్కనాడు కుప్పగూలడు. అతనికి జరుగు హాని అతని జీవకణములలో, డి.ఎన్.ఏ. యను జీవసూత్రముపై, నెమ్మదిగా వ్రాయబడుచుండును. ఆ వ్రాతను కొంతవఱకు చదువగల విద్య నేడు లభించినది. చదివిన పిదప దానితో నేమి చేయవలెనన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

వృత్తివలన క్యాన్సరు కలుగునన్న మాట క్రొత్తది కాదు. బాల్యమునుండి పొగగొట్టములు తుడుచువారికి మసివలన వృషణకోశమున క్యాన్సరు పుట్టుచున్నదని లండను శస్త్రవైద్యుడు పర్సివల్ పాట్ 1775లోనే ప్రకటించెను. రంగుల కర్మాగారములోని పనివారికి మూత్రాశయమున కంతులు లేచుచున్నవని ఫ్రాంక్‌ఫర్టు వైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లో చూపెను. కాని ఎందువలన నన్నది వారికి తెలియదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఎడింబరోలో షార్లెట్ అవర్‌బాక్, రాబ్సన్ అనువారలు మస్టర్డు వాయువును పండ్ల యీగలపై ప్రయోగించి, రసాయనము జన్యువులనే మార్చగలదని నిరూపించిరి. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణము వెల్లడియైనది. అంతట పాత వైద్యులు రోగి శరీరముపై చూచిన పుండునకు మూలము కణముయొక్క కేంద్రకములో నున్నదని తేటపడినది.

ఒక్క బెంజీనునే ఉదాహరణముగా గైకొందము. ఇది పెట్రోలులోను, కొన్ని జిగురులలోను, ద్రావకములలోను ఉండు పదార్థము. శ్వాసతో లోనికి పోయినపుడు కాలేయము దానిని మార్చి బయటికి పంప యత్నించును. ఆ యత్నములో పుట్టిన పదార్థములు కొన్ని ఎముకల మూలుగను చేరి మఱింత తీక్ష్ణములగును, డి.ఎన్.ఏ. పోగులను తెంపును, క్రోమోసోములను విఱుచును. కణము తన గాయములను పెక్కింటిని తానే మాన్పుకొనును. ఇది ప్రకృతి చేసిన యుపకారము. కాని గాయములు ఎడతెగక తగులుచున్నప్పుడు కొన్ని మానక మిగులును. కణము రెండుగా చీలునపుడు ఆ తప్పు కూడ రెండగును. అట్లు పెరిగి పెరిగి యెన్నో యేండ్ల కొక తప్పు రక్తపు క్యాన్సరుగా పరిణమింపవచ్చును. ఇస్తాంబులు నగరమున బెంజీను కలిసిన జిగురుతో చెప్పులు కుట్టువారిలో 26 మంది రక్తపు క్యాన్సరు రోగులను గుఱించి డాక్టరు ముజఫ్ఫర్ అక్సోయ్ ప్రభృతులు 1974లో ప్రకటించిరి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ బెంజీనును మానవులకు నిస్సంశయముగా క్యాన్సరు కలిగించు మొదటి తరగతిలో చేర్చినది. విశాఖలో వెలువడిన స్టైరీనును 2018లో దాని తరువాతి తరగతియందుంచినది.

ఇది పరదేశపు ముచ్చట యని పాఠకులు తలపరాదు. మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధకులు పెట్రోలు బంకులలో పనిచేయువారి రక్తమును పరీక్షించి, వారి కణములలో డి.ఎన్.ఏ. తెగుదల ఇతరులకన్న హెచ్చుగా నున్నదని 2010లో ప్రకటించిరి. అంతకు మునుపే, 2007లో, క్యాన్సరు మందులను కలిపి రోగుల కెక్కించు నర్సులయందును అట్టి హానినే కనుగొనిరి. రోగిని బ్రతికించు మందు, దానిని కలుపు చేతికి తగులుట యెంత విచిత్రము! ఈ పరీక్షలలో నొకదానికి తోకచుక్క పరీక్ష యని పేరు. తెగిన డి.ఎన్.ఏ. ముక్కలు విద్యుత్తుచే ఈడ్వబడి కణమునకు తోకవలె కనిపించును. తెగుదల యెంత హెచ్చైన తోక అంత దీర్ఘము. పూర్వము తోకచుక్క కనబడిన రాజ్యమునకు కీడని భయపడెడివారు. నేడు కార్మికుని నెత్తుటిలో తోకచుక్కలు కనబడుచుండగా రాజ్యము నిశ్చింతగా నున్నది!

ఇచట మేమొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ పరీక్ష యెవ్వరికిని జాతకము చెప్పదు. తోక పొడవైన ప్రతివానికిని క్యాన్సరు రాదు. పొట్టియైనవాడు నిర్భయుడనియు కాదు. వయస్సు, పొగత్రాగుట మొదలగునవి కూడ ఫలితమును మార్చును. ఒక శాలలో పనిచేయు పదిమంది రక్తములను, బయటి పదిమంది రక్తములతో పోల్చినపుడే దాని విలువ తెలియును. అనగా అది పనివానిపై చెప్పు తీర్పు కాదు; పనిచోటిపై చెప్పు సాక్ష్యము.

ఈ భేదమును మఱచినచో విద్యయే విషమగును. అమెరికాలో నొక రైల్వే కంపెనీ, పనివలన మణికట్టు చెడినదని పరిహారము కోరిన కార్మికుల రక్తమును తీసి, వారెఱుగకుండ జన్యు పరీక్షలు చేయించిన సంగతి 2001లో బయటపడి, న్యాయస్థానమున కెక్కినది. దోషము పనిది కాదు, నీ పుట్టుకదే యని చెప్పుట కది మార్గము. అట్టి వివక్షను నిషేధించుచు ఆ దేశము 2008లో చట్టము చేసికొన్నది. మనదేశమునను రేపు యజమానుడు రక్తపరీక్ష కాగితము చేతబట్టుకొని, "నీ కణములు బలహీనములు, నీవు రావలదు" అని పనివానిని వెడలగొట్టి, అదే గాలిలోనికి మఱియొక పేదవానిని పంపిన, దానిని వైద్యమందుమా? పొగ నార్పక కన్నులు మండినవారి నెల్ల ఇల్లు వెడలగొట్టుట వంటిది. మార్పవలసినది గాలి, మనుష్యుని కాదు.

గాలిని మార్చిన పరిశ్రమలు మూతపడునని యజమానులు చెప్పుదురు. ఈ మాటకు చరిత్ర యొసగిన యుత్తరము వినదగినది. 1974లో అమెరికాలోని లూయివిల్ కర్మాగారమున వినైలు క్లోరైడు పనివారికి అరుదైన కాలేయ క్యాన్సరు వచ్చినట్లు బయలుపడగా, అక్కడి ప్రభుత్వము గాలిలో ఆ వాయువు పరిమితిని పదిలక్షల పాళ్లకు 500 నుండి ఒక్క పాలునకు దించినది. ప్లాస్టిక్కు పరిశ్రమ నశించునని కేకలు పుట్టినవి. పరిశ్రమ నశింపలేదు, పాత్రలకు మూతలు బిగించి, కారుటలను కట్టి, వర్ధిల్లినది. బెంజీను కథ యింతకన్న శోచనీయము. దానికి నిశ్చయముగా నిరపాయమగు పరిమాణము సున్నయేయని అమెరికా పెట్రోలియము సంస్థవారి సమీక్షయే 1948లో నుడివినది. అయినను 1978లో ప్రభుత్వము పరిమితిని పది పాళ్లనుండి ఒకటికి తగ్గింపగా ఆ సంస్థయే వ్యాజ్యమాడినది. 1980లో సుప్రీముకోర్టు ఆ నియమమును కొట్టివేసినది. మరల అదే పరిమితి 1987లో గాని స్థిరపడలేదు. ఆ తొమ్మిదేండ్లు వాదించినవారొకరు, ఊపిరి పీల్చినవారు వేఱొకరు. ఒక్క పాలునకు తక్కువైనచోటను చైనాలోని చెప్పుల పనివారికి తెల్ల రక్తకణములు తగ్గినవని 2004లో ప్రకటింపబడినది. సాక్ష్యము పూర్తియగుదాక వేచియుందమనువారు, ఎవరి శరీరములపై ఆ సాక్ష్యము పూర్తియగునో చెప్పరు.

మనకు చట్టములు లేకపోలేదు. 1984 భోపాలు ఘోరము పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, అపాయకర పదార్థములను గుఱించి పనివారికి తెలుపవలెననియు, వారి ఆరోగ్యపు లెక్కలుంచవలెననియు విధించిరి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా సంహిత 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. నిర్ణీతులైన పనివారికి ఏటేట ఉచిత ఆరోగ్య పరీక్ష జరుపవలెనని అది చెప్పుచున్నది. మంచిదే. కాని నాడి చూచి, బరువు తూచి, చేవ్రాలు పెట్టి పంపిన పరీక్ష, కణములోని గాయము నెట్లు కనిపెట్టును? ఈ ఏడు ఒక గుత్తదారు క్రింద, మఱుసటి యేడు మఱియొకని క్రింద పనిచేయు కూలికి, పదునైదేండ్ల పిదప రోగము బయటపడినపుడు, తానేమి పీల్చెనో చూపు కాగితమెక్కడ దొరకును? కాగితము లేనివానికి పరిహారము లేదు. కాగితముంచు బాధ్యత మాత్రము అతనిది కాదు.

కావున మేము కోరునవి నాలుగు. ప్రతి శాలలోని గాలిని కొలిచి, ఆ లెక్కను తెలుగులో వాకిటనే వ్రాసి యుంచవలెను. గుత్త కూలీతో సహా ప్రతి పనివానికిని అతడు పనిచేసిన రసాయనముల లెక్క, ఆరోగ్యపు లెక్క, వ్రాతపూర్వకముగా చేతికీయవలెను. అవి దీర్ఘకాలము భద్రపఱుపబడవలెను. కణ పరీక్షలు పనివాని సమ్మతిమీదనే జరుగవలెను. ఫలితము మొదట అతనికే తెలియవలెను. దాని నాధారముగా గొని అతని కొలువు తీయరాదు. తుదకు, చెడు పదార్థమునకు మాఱుగా మంచిదానిని వాడుట, పాత్రలను మూయుట, ఆవిరిని పీల్చివేయు యంత్రముల నమర్చుట ముందు; ముఖమునకు గుడ్డ కట్టుట తరువాత.

పటాన్‌చెరువు, జీడిమెట్ల, పరవాడలలో తయారగు మందులు ప్రపంచమందలి రోగులకు పోవుచున్నవని మనము గర్వించుచున్నాము. గర్వింపదగినదే. కాని కూలివాడు అమ్మినది తన యెనిమిది గంటల శ్రమనే గాని తన మూలుగను కాదు. కార్మిక సంఘములును, వైద్యులును, శాసనసభ్యులును ఈ విషయమున కలిసి పూనుకొందురుగాక. రక్తము సాక్ష్యము చెప్పుచునే యున్నది, వినవలసినవారు మనము.