షేర్లకు ముహూర్తం వుండదు

మా స్టేషన్ ఘనపూరులో సాయంత్రం పూట ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద రోజూ ఒక సభ జరుగుతుంది. అధ్యక్షులెవరూ వుండరు. వందన సమర్పణ అసలే వుండదు. సికిందరాబాదు వెళ్ళే బండి వచ్చి అరిచేదాకా మాటలు సాగుతాయి. మా బావగారు రిటైరైన హెడ్మాస్టరు. ఊరందరికీ ఆయన ‘సారు’. రెండో సభ్యుడు కిరాణా దుకాణం సేటు. శనివారం అయితే హైదరాబాదులో వుద్యోగం చేసే సేటుగారి అబ్బాయి కూడా వచ్చి చేరతాడు. నాలుగో వాణ్ణి నేను. నా పని వినడం.

2022 ఆగస్టు మొదటి వారంలో ఒక శనివారం ఆ సభలో పెద్ద వాదం జరిగింది. విషయం హిందూస్థాన్ పెట్రోలియం కంపెనీ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడే మూడు నెలల్లో ఆ కంపెనీకి 10,197 కోట్ల రూపాయలు నష్టం. మిగతా రెండు ప్రభుత్వ కంపెనీలదీ కలిపితే ముగ్గురి నష్టం 18,000 కోట్లు దాటింది. బావగారి దగ్గర ఆ కంపెనీవి రెండు వందల షేర్లు వున్నాయి. నా దగ్గర యాభై. ఆయన ఆలోచించి కొన్నారు. నేను ఆయన కొన్నారు కదా అని కొన్నాను.

ఆయన ఆలోచనలో లోపం లేదు. 2018 జనవరిలో ప్రభుత్వం తన 51 శాతం వాటాను మరో ప్రభుత్వ సంస్థ ఓ.ఎన్.జీ.సీ.కి అమ్మింది. షేరు ఒక్కింటికి 473 రూపాయల 97 పైసల లెక్కన మొత్తం 36,915 కోట్లు. అంత పెద్ద సంస్థ అంత పెట్టి కొన్న సరుకు బజార్లో నాలుగు వందల చిల్లరకు దొరుకుతుంటే కొనకపోవడం తెలివితక్కువ అన్నారు బావగారు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ షేరు ఓ.ఎన్.జీ.సీ. ఇచ్చిన ధరలో సగానికి దిగింది.

“సారూ, వంద రూపాయలకు కొన్న సరుకు తొంభైకి అమ్మితే ఆ దుకాణం ఎన్ని రోజులు నడుస్తది?” అన్నాడు సేటు.

“అది దుకాణం కాదోయ్, విశాఖపట్నం రిఫైనరీ! 1957లో కాల్టెక్స్ వాళ్ళు కట్టింది. తరవాత ప్రభుత్వం తీసుకుని ఈ కంపెనీలో కలిపింది. ఇప్పుడు ఏటా 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచుతున్నారు. అంత ఆస్తి ఎక్కడికి పోతుంది?” అన్నారు బావగారు.

“ఆస్తి యాడికీ పోదు సారూ. గల్లాపెట్టెలకెళ్ళి పైసలు పోతయి.”

సేటుగారి అబ్బాయి ఒకప్పుడు బావగారి శిష్యుడే. అతను సెల్‌ఫోనులో అంకెలు చూసి, “బాపూ, ఇది ఒక్క మూడు నెలల లెక్కనే. ఏండ్ల లెక్క చూడాలె” అన్నాడు.

“జొరం ఒక్క దినమే వచ్చింది గని, నూట ఐదు డిగ్రీలు వచ్చింది గదరా!” అన్నాడు సేటు. అందరం నవ్వాం. బావగారు మాత్రం నవ్వలేదు.

ఈ జ్వరం ఎలా వచ్చిందో పాఠకులకు కొంచెం చెప్పాలి. కాగితం మీద పెట్రోలు ధర 2010 నుంచీ, డీజిలు ధర 2014 నుంచీ కంపెనీల చేతిలోనే వుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై ముడిచమురు పీపా వంద డాలర్లు దాటింది. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపల కంపెనీలు లీటరుకు పది రూపాయలు పెంచి, అక్కడ ఆగిపోయాయి. మే నెలలో కేంద్రం పన్ను తగ్గించాక హైదరాబాదులో పెట్రోలు 109 రూపాయల 66 పైసల దగ్గర నిలబడింది. జూన్‌లో ముడిచమురు ఇంకా పైకి పోయినా బంకులో అంకె కదలలేదు.

మూడు కంపెనీల్లోనూ ఈ దెబ్బ హిందూస్థాన్ పెట్రోలియానికే గట్టిగా తగిలింది. ఎందుకంటే అది సొంతంగా శుద్ధి చేసేదానికన్నా అమ్మేది చాలా ఎక్కువ. ఆ సంవత్సరం దాని రిఫైనరీల్లో శుద్ధి అయినది దాదాపు 190 లక్షల టన్నులు, అమ్మినది దాదాపు 430 లక్షల టన్నులు. శుద్ధి చేసినందుకు వచ్చే లాభం కొంత వున్నా, బయట కొని బంకులో తక్కువకు అమ్మిన నష్టం దాన్ని మింగేసింది.

ఇక్కడొక చిత్రం వుంది. ఆ బెంచీ మీద కూర్చున్న నలుగురికీ బండ్లు వున్నాయి. బంకులో ధర పెరగలేదని నలుగురం సంతోషించినవాళ్ళమే. సేటు ఆ మాటే అన్నాడు: “సారూ, పొద్దున బంకుల కాడ మీరు మిగిల్చుకున్న పైసలే, సాయంత్రం షేర్ల పోగొట్టుకుంటున్నరు!”

“అయితే నువ్వేమంటావ్? అమ్మేయమంటావా?” అని అడిగారు బావగారు.

“నేనైతే అమ్ముత.”

“నేనైతే ఇంకో వంద కొంట సార్. సర్కారు ఎన్నాళ్ళు ఆపినా ముడిచమురు దిగక మానది. దిగిన దినం ఈ బంకుల ధరే లాభం అయితది” అన్నాడు కుర్రవాడు.

తండ్రీ కొడుకులు తలో పక్కకు లాగుతుంటే బండి వచ్చింది. సభ ముగిసింది. బావగారు మాత్రం కుర్రవాడి మాటే నిజమని నాతో దారి పొడుగునా చెబుతూ వచ్చారు.

ఇంటికి వెళ్ళేసరికి అక్కయ్య గుమ్మంలోనే వుంది. మేనకోడలికి సంబంధం కుదిరింది. ముహూర్తం మాఘమాసంలో, అంటే 2023 ఫిబ్రవరిలో. “మీ బెంచి మీది ముచ్చట్లు సరే, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఎప్పుడిస్తరు?” అని అడిగింది. బావగారు ఏమీ అనలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయారు.

అక్టోబరులో కేంద్రం వంటగ్యాసు నష్టానికని మూడు కంపెనీలకూ కలిపి 22,000 కోట్లు ఇస్తామంది. బావగారు ఆశపడ్డారు. షేరు పెద్దగా కదలలేదు. జనవరిలో బంగారం కొనాల్సి వచ్చింది. రెండు వందల షేర్లూ, కొన్న ధరలో సగానికి కాస్త పైన, అమ్మేశారు. పెళ్ళి బాగా జరిగింది. వంకాయకూర గురించి సేటు ఇప్పటికీ చెబుతుంటాడు.

ఆ ఏడు కంపెనీ మొత్తం నష్టం 8,974 కోట్లుగా తేలింది. మరుసటి ఏడు కుర్రవాడు చెప్పినట్టే ముడిచమురు దిగింది. బంకు ధర మాత్రం దిగలేదు. 2023-24లో లాభం 14,694 కోట్లు! 2024 ఫిబ్రవరిలో షేరు ఐదు వందలు దాటింది. షేరుకు పదిహేను రూపాయల డివిడెండు ఇచ్చారు. ఆ వేసవిలో రెండు షేర్లకు ఒకటి బోనసు కూడా వచ్చింది. నా యాభై డెబ్భై ఐదు అయ్యాయి. ఇందులో నా తెలివి ఏమీ లేదు. పెళ్ళి హడావుడిలో నా షేర్ల సంగతే నేను మరిచిపోయాను.

కంపెనీ గురించి అన్నీ సరిగా చెప్పిన మనిషి నష్టపోయాడు. ఏమీ తెలియనివాడు లాభపడ్డాడు. ఈ ముక్క బావగారితో అనడానికి నాకు చాలా రోజులు నోరు రాలేదు. చివరికి ఆయనే అన్నారు: “కంపెనీ గురించి నేను తప్పు చెప్పలేదోయ్. పిల్ల పెళ్ళికి ముహూర్తం కంపెనీని అడిగి పెట్టలేదు, అంతే.”

అలాగని ‘ఓపిక పట్టినవాడిదే లాభం’ అని నేను రాస్తే, సేటు నన్ను బెంచీ మీద కూర్చోనివ్వడు. ఆయన దగ్గర ఇంకో కథ వుంది. మన గోదావరి తీరానికి ఎదురుగా సముద్రంలో రవ్వ చమురు క్షేత్రం వుంది. అందులో పాతిక శాతం వాటా వీడియోకాన్ వాళ్ళది. సముద్రంలో చమురు వుంది కదా, కంపెనీ ఎక్కడికి పోతుందని నమ్మి షేర్లు పట్టుకున్నవాళ్ళు చాలామంది. చమురు సముద్రంలో వుంది గాని అప్పులు గట్టు మీద వున్నాయి. 2018లో కంపెనీ దివాళా కోర్టుకెక్కింది. 2021లో ఆమోదించిన పరిష్కారంలో వాటాదారులకు దక్కింది సున్నా. షేర్ల వ్యాపారమే ఆగిపోయింది. ఆ పరిష్కారాన్ని 2022లో అప్పీలు ట్రిబ్యునలు కొట్టేసినా, చిన్నవాటాదారు చేతికి డబ్బు రాలేదు. అక్కడ ఓపిక పట్టినవాడు ఓపికతో పాటు అసలు కూడా పోగొట్టుకున్నాడు.

కాబట్టి చమురు కంపెనీ కష్టాల్లో పడిందని విన్నప్పుడు ఆ కష్టం ధర వల్ల వచ్చిందా, అప్పు వల్ల వచ్చిందా అని ముందు చూడాలి. ధర వల్ల వచ్చిన జ్వరం దిగవచ్చు. అప్పు వల్ల వచ్చింది దిగుతుందని ఎవరూ చెప్పలేరు. ప్రభుత్వ కంపెనీ అయితే ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఆ ఇంట్లో పెద్దపీట ప్రభుత్వానిది, రెండో పీట బంకులో నిలబడ్డ జనానిది. మన పీట గుమ్మం దగ్గర. 2024 మార్చిలో, ఎన్నికల ముందు, లీటరుకు రెండు రూపాయలు తగ్గించినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. ఆ తరవాత ఏప్రిల్–జూన్ లాభం 356 కోట్లకు పడిపోయింది. అంతకుముందు సంవత్సరం అవే నెలల్లో అది ఆరు వేల కోట్ల పైన!

ఇవన్నీ తెలిశాక కూడా మిగిలే ప్రశ్న ఒకటుంది. ఆ డబ్బుకు తారీఖు వుందా? పిల్ల పెళ్ళికో, పిల్లవాడి ఫీజుకో, ఇంటి స్లాబుకో దాచిన డబ్బయితే దానికి బాంకు డిపాజిట్టో పోస్టాఫీసో చాలు. తారీఖు లేని డబ్బయితే, బెంచీ మీద కూర్చుని ఎంతసేపయినా వాదించుకోవచ్చు.

మొన్న బావగారు మళ్ళీ పేపరులో షేర్ల పేజీ తీశారు. వంటింట్లోంచి అక్కయ్య కేక వేసింది: “చిన్నదాని సంబంధం చూస్తున్నం, యాదున్నదా?” ఆయన పేజీ తిప్పి, వారఫలాలు చదవడం మొదలుపెట్టారు.