రాతకు కూడా డిగ్రీ ఏమిటి అనేవాళ్లకు

అడ్మిషన్ల రోజుల్లో ఏ తండ్రైనా "మా అమ్మాయి రాయడం మేజర్‌గా ఉన్న కోర్సు చదువుతానంటోంది" అని నోరు జారితే చాలు, చుట్టుపక్కల అందరిదీ ఒకటే సలహా: "రాయడం నేర్పితే వచ్చేదా అండీ? పుట్టుకతో రావాలి. ముందు బీటెక్ చేయించండి, రాసేదేదో తర్వాత తీరిగ్గా రాసుకుంటుంది."

ఈ సలహాలో తిరకాసు ఉంది. మొదటి సగం ప్రకారం రాత ఏ అదృష్టవంతుడికో దక్కే వరం. రెండో సగానికొచ్చేసరికి అది ఇంజినీరు ఆదివారం పూట కూర్చుని తేల్చేయగల పని. రెండూ ఒకేసారి నిజం కావు. నన్నడిగితే రెండూ అబద్ధాలే.

పుట్టుక వాదం పాతదే. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి డబ్బిచ్చి జర్నలిజం కళాశాల పెట్టమంటే అమెరికా పత్రికలవాళ్లే ఎగతాళి చేశారు. ఎంత సహజమైన చురుకుకైనా శిక్షణ కావాలని ఆయన 1904లో పెద్ద వ్యాసమే రాసి జవాబు చెప్పాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1912లో, ఆ కళాశాల తెరిచారు. మన ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. అసలు కళాశాలల దాకా పోనక్కర్లేదు, మన ఆలంకారికులనే అడగండి. దండి ప్రతిభ ఒక్కటే చాలనలేదు, పాండిత్యాన్నీ అభ్యాసాన్నీ దాని పక్కన కూర్చోబెట్టాడు. మమ్మటుడైతే కావ్యం తెలిసినవారి దగ్గర శిక్షణ పొంది చేసే అభ్యాసం అని విడమరిచి మరీ చెప్పాడు. కవిత్వానికే గురువు కావాలన్నప్పుడు, కరెంటు బిల్లు వెనక అచ్చేసే నాలుగు ముక్కలకు పూర్వజన్మ సుకృతం ఎందుకో!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రాత అనగానే మనకు కథ, కవిత, సినిమా పాట తప్ప ఇంకేదీ గుర్తురాదు. రోజూ మన చేతికొచ్చే కాగితాలు కూడా ఎవరో ఒకరు రాసినవే. ఇలాంటి నోటీసు మీరూ చూసే ఉంటారు: "పై విషయమునకు సంబంధించి సదరు లబ్ధిదారులు తమ యొక్క ధ్రువపత్రములను నిర్ణీత గడువులోగా సంబంధిత కార్యాలయమందు సమర్పించవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది. లేనియెడల తదుపరి చర్యలు గైకొనబడును."

పింఛను తీసుకునే ముసలమ్మకు ఇందులో కావాల్సినవి నాలుగు. ఏ కాగితాలు ఇవ్వాలి, ఎప్పటిలోగా, ఎక్కడ, ఇవ్వకపోతే ఏమవుతుంది. ఒక్కదానికీ జవాబు లేదు. దీన్నే "మీ ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం జెరాక్సులు ఈ నెల 20లోగా మీ గ్రామ సచివాలయంలో ఇవ్వండి. ఇవ్వకపోతే వచ్చే నెల పింఛను ఆగిపోతుంది" అని రాయొచ్చు. భాష సులువైందని మురిసిపోవడం కాదు, ఈ రెండో నోటీసు రాయాలంటే ముందు ఫోన్ తీసి ఏ కాగితాలో, ఏ తేదీయో కనుక్కోవాలి. "సంబంధిత", "నిర్ణీత", "తదుపరి" అనే మాటలు చాలాసార్లు ఆ శ్రమ తప్పించుకోవడానికే పనికొస్తాయి. రాసినవాడు ఎక్కడ తప్పించుకున్నాడో వేలుపెట్టి చూపించి మళ్లీ రాయించేవాడు ఉంటే పద్దెనిమిదేళ్ల పిల్లలు కూడా ఈ విద్య పట్టేస్తారు. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం చేసుకున్నాం. ఆ తెలుగులో నోటీసు రాయడం ఎక్కడ నేర్చుకోవాలో మాత్రం గుమాస్తాకు చెప్పలేదు. అమెరికావాళ్లు తమ ప్రభుత్వ కాగితాలు జనానికి అర్థమయ్యేలా ఉండాలని 2010లో చట్టమే తెచ్చుకున్నారు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరిని చూడండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగువైపులా చెక్కుబందీ పొల్లుపోకుండా రాస్తాడు. తూర్పున రాయాల్సిన పేరు పడమర పడితే అన్నదమ్ములు కోర్టు చుట్టూ తిరగాల్సిందే. ఆయన ఆ పనిని తల్లి కడుపులో నేర్చుకోలేదు, ఇంకో లేఖరి పక్కన ఏళ్లపాటు కూర్చుని నేర్చుకున్నాడు. పత్రికలవాళ్లూ ఈ సంగతి గ్రహించే సొంత బడులు పెట్టుకున్నారు. ఈనాడు జర్నలిజం స్కూలుకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన బూదరాజు రాధాకృష్ణ కవి కాదు, భాషాశాస్త్రవేత్త. ఆ బడి నుంచి వచ్చినవాళ్లు ఎందరో డెస్కుల్లో కుదురుకున్నారు. నేర్పితే రాదనేవాళ్లు పొద్దున్నే చదివే పేపరు నేర్చుకున్నవాళ్లు దిద్దిందే.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఈ మేజర్ పెట్టి, అందులో కమ్యూనికేషన్ నిర్వచనాలూ పత్రికా చరిత్ర తేదీలూ బట్టీ పట్టిస్తే దానికన్నా బీటెక్కే నయం. ఎంఏ తెలుగు చదివినవాళ్లను అడగండి, రెండేళ్లలో మీ పేరా ఒక్కటైనా ఎర్ర సిరాతో దిద్ది తిరిగి రాయించారా అని. వారం వారం రాయడం, దిద్దించుకోవడం, మళ్లీ రాయడం: సిలబస్ అంటే ఇదే కావాలి.

ఇప్పుడు కొత్తగా ఇంకో వాదన. చాట్‌జీపీటీ ఉండగా ఈ చదువెందుకని. పైన చెప్పిన నోటీసు దానికిచ్చి చూడండి, తేటతెలుగులోకి మార్చి పెడుతుంది. ఏ కాగితాలు అడగాలో ఆఫీసువాళ్లు చెప్పకపోతే దానికీ తెలియదు. తెలియనట్టు ఊరుకోకుండా తోచినవి చేర్చినా చేరుస్తుంది. అది పట్టుకోగలిగినవాడి జీతం పెరగాలి గానీ ఆ చదువు దండగెలా అవుతుంది?

మిగిలింది కాలేజీల సాకు. పాఠం చెప్పడానికి పీహెచ్‌డీ ఉన్నవాళ్లు దొరకరట. పీహెచ్‌డీ లేకపోయినా వృత్తిలో పండినవాళ్లను తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పేరుతో దారి చూపింది. ముప్పయ్యేళ్లు డెస్కులో వార్తలు దిద్ది రిటైరైన సబ్ ఎడిటర్లు మన ఊళ్లలోనే ఖాళీగా ఉన్నారు. వాళ్లలో ఒక్కరి ఇంటికైనా వెళ్లి అడిగొచ్చిన ప్రిన్సిపాల్ ఎవరైనా ఉంటే పేరు చెప్పమనండి.