తలాఖ్ కాగితంలో పిల్లల కాలేజీ ఫీజు ఎక్కడ?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజులొస్తే మీసేవ సెంటర్లన్నీ ఆదాయ సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లతో నిండిపోతాయి. స్కాలర్‌షిప్‌కైనా, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కైనా ముందు అడిగేది ఆ కాగితమే. అమ్మానాన్న కలిసున్న ఇంట్లో అది చిన్న పని. తలాఖ్ లేదా ఖులా అయ్యి, పిల్లల్ని ఒంటరిగా చదివిస్తున్న తల్లికి మాత్రం చిక్కంతా అక్కడే. ఎవరి ఆదాయం రాయాలి?

తెలంగాణలో బీసీ, మైనారిటీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు దాటకూడదు. కుట్టుమిషన్ మీద బతికే తల్లి సంపాదన ఆ హద్దులోపే ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్న తండ్రి జీతం కలిపితే హద్దు దాటిపోతుంది, ఆ జీతంలో ఒక్క రూపాయి ఈ ఇంటికి రాకపోయినా సరే. అంటే ఆదాయం లెక్కలో నాన్న ఉంటాడు, ఫీజు కట్టే రోజున ఉండడు.

మిగతా చోట్ల ఈ విషయంలో కొంత మార్పు వచ్చింది. తల్లి లేదా తండ్రి ఒక్కరి పేరుతోనే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకునే వీలు 2016 డిసెంబర్‌లో ఇచ్చారు. ఒంటరి తల్లి పిల్లలకు పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబర్ నుంచి అమల్లోకి తెచ్చారు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు తెలిసిన ఫాఫ్సా దరఖాస్తులోనూ నియమం స్పష్టంగానే ఉంది. తల్లిదండ్రులు విడిపోయి వేరువేరుగా ఉంటే, గడిచిన 12 నెలల్లో బిడ్డకు ఎక్కువ ఖర్చు పెట్టింది ఎవరో వాళ్ల ఆదాయమే చూపించాలి. వాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే కొత్త జీవిత భాగస్వామి ఆదాయం కూడా కలుస్తుంది. బిడ్డను పోషిస్తున్నది ఎవరు అన్న ప్రశ్న మన దగ్గర కూడా అంతే సూటిగా అడగాలి.

ఇక తండ్రి బాధ్యత సంగతి. తలాఖ్ అయిన ముస్లిం మహిళ కూడా పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు 2024 జూలై 10న తీర్పు చెప్పింది. ఆ కేసు మన తెలంగాణదే. ఇప్పుడు ఆ సెక్షన్ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. 144 అనగానే కర్ఫ్యూ గుర్తొస్తుంది కానీ, కొత్త చట్టంలో అది భరణం సెక్షన్. పిల్లల విషయంలో అంతకుముందే, 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బిడ్డ తల్లి దగ్గర పెరిగినా పోషణ భారం తండ్రిదే. మైనారిటీ తీరేదాకా లేదా సొంతంగా బతకగలిగేదాకా ఇవ్వాల్సిందే. ఆడపిల్లకైతే పెళ్లయ్యేదాకా ఇవ్వాలి. షరీఅత్‌లో నఫఖా తండ్రి మీదే ఉందన్నది మనకు కొత్త మాటేం కాదు.

అసలు గండం 18 ఏళ్ల దగ్గర ఉంది. కొడుక్కి 18 నిండితే, వైకల్యం ఉంటే తప్ప, ఈ సెక్షన్ కింద భరణం ఆగిపోతుంది. ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్, ఫార్మసీ ఫీజులు మొదలయ్యేది సరిగ్గా ఆ వయసులోనే. స్కూలు ఫీజు వేలల్లో ఉన్నప్పుడు తండ్రి బాధ్యుడు, కాలేజీ ఫీజు లక్షల్లోకి వచ్చేసరికి చట్టం తప్పుకుంటుంది.

అందుకే ఈ లెక్క విడిపోయే రోజే తేలాలి. మన పంచాయితీల్లో మెహర్ లెక్క తేలుతుంది, జహేజ్ సామాను చెంచాలతో సహా రాసుకుంటారు. పిల్లల చదువు గురించి మాత్రం "నెలకింత ఇస్తాడు" అని ఒక్క లైను రాసి సంతకాలు పెట్టిస్తారు. ఖులా త్వరగా తేలాలని తల్లే పిల్లల ఖర్చు కూడా వదిలేసుకునే సందర్భాలూ ఉన్నాయి. ఆమె తన మెహర్ వదులుకోవచ్చు. పిల్లల భరణాన్ని మాత్రం కోర్టులు పిల్లల సొంత హక్కుగానే చూస్తాయి. 2025 జనవరిలో ఒక విడాకుల కేసులో, తల్లిదండ్రుల స్థోమత మేరకు చదువు ఖర్చు పొందడం కూతురి హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ తండ్రి కూతురి చదువు కోసం ఇచ్చిన సొమ్ము 43 లక్షలు.

కాబట్టి ఒప్పందంలో డిగ్రీ పూర్తయ్యేదాకా ఫీజులో ఎవరి వంతు ఎంత, హాస్టల్ ఎవరిది, ఏ నెలలో కట్టాలి అన్నది విడివిడిగా రాయించాలి. దాన్ని ఫ్యామిలీ కోర్టులో నమోదు చేయిస్తే రేపు అమలు చేయమని అడగవచ్చు. స్టాంప్ పేపర్ మీద పెద్దల సంతకాలకు అంత బలం ఉండదు.

మూడుసార్లు తలాఖ్ చెప్పి వెళ్లిపోయినవాళ్ల భార్యల పరిస్థితి ఇంకా కష్టం. 2019 చట్టం ప్రకారం ఆ తలాఖ్ చెల్లదు. ఆమె చట్టం దృష్టిలో ఇంకా భార్యే, కాబట్టి భర్త ఆదాయం ఆమె ఇంటి ఆదాయంగానే కనిపిస్తుంది. అదే చట్టం ఆమెకూ, ఆధారపడిన పిల్లలకూ పోషణ భత్యం అడిగే హక్కు ఇచ్చింది. మేజిస్ట్రేటు ముందు ఆ దరఖాస్తు వేస్తే డబ్బుతో పాటు, తాను విడిగా ఉంటున్నట్టు ఒక అధికారిక కాగితం కూడా చేతికొస్తుంది.

పిల్లలు తొమ్మిదో పదో తరగతిలో ఉండగానే తల్లులు చేసుకోవాల్సిన పనులున్నాయి. రేషన్ కార్డు వేరు చేయించుకోవాలి. ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డులో ఇంటి యజమాని మహిళే. ఆధార్‌లో అడ్రసు ఇప్పుడున్న ఇంటిదే ఉండాలి. తహసీల్దార్‌కు ఇచ్చే దరఖాస్తుకు కోర్టు ఆర్డర్ గానీ ఖులా కాగితం గానీ జతచేసి, పిల్లల్ని పోషిస్తున్నది తానేనని రాసివ్వాలి. భరణం వస్తుంటే బ్యాంకులోనే తీసుకోవాలి, చేతికి తీసుకున్నదానికి లెక్క ఉండదు.

ఖాజీ సాబ్‌లకు, మసీదు కమిటీ పెద్దలకు ఒక్క విన్నపం. ఇకమీదట తలాఖ్, ఖులా పంచాయితీలో సంతకాలు పెట్టించే ముందు "పిల్లల కాలేజీ ఫీజు ఎవరు కడతారు?" అని అడగండి. జవాబు కాగితం మీదకు ఎక్కాకే లేవండి.