దేవిడీ గడప

"అక్కడ డబ్బు దేవిడీమన్నా" అని తెలుగువారు అన్నప్పుడు, బొత్తిగా లేదని అర్థము. ఈ పలుకుబడిలోని రెండు మాటలును ఉర్దూనుండి వచ్చినవే. డ్యోఢీ అనగా గడప, వాకిలి. మనా అనగా నిషేధము. అమీరుగారి వాకిట కావలివాడు లోనికి పోరాదని చెప్పిన మాట తెలుగు నోట లేమికి పేరైనది. హైదరాబాదు పాతబస్తీ దేవిడీల విషయమున రెండర్థములును నేటికి చెల్లుచున్నవి. ఒకనాడు సామాన్యునికి లోనికి ప్రవేశము లేదు. నేడు ప్రవేశింపబోయిన ఇల్లే లేదు.

దేవిడీ అనగానే మహాసౌధమును ఊహింతుము. కాని ఒకే అంగణము గల చిన్న దేవిడీలును ఉండెడివి. వీధివైపు కమాను, దాని వెనుక అంగణము, నడుమ నీటి హౌజు, ముందు మర్దానా, వెనుక జనానా, గోడల నానుకొని నౌకర్ల గదులు. ఒక్క కప్పు క్రింద కాకున్నను ఒక్క గడప లోపల పలు కుటుంబములు బ్రతికినవి.

పెద్దవాటి కథ కొంత తెలియును. 1853 నుండి 1883లో మరణించు వరకు దివానుగా నున్న మొదటి సాలార్‌జంగు నివాసము దివాన్ దేవిడీ. ఆ వంశమున మూడవ సాలార్‌జంగు 1949లో సంతానము లేక గతించెను. ఆయన సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న నెహ్రూ అక్కడనే మ్యూజియమును ప్రారంభించిరి. 1968లో అది మూసీ ఒడ్డున క్రొత్త భవనమునకు తరలినది. వస్తువులు దక్కినవి, ఇల్లు దక్కలేదు. నేడు దివాన్ దేవిడీ అనిన బట్టల దుకాణములే గుర్తునకు వచ్చును. దేవిడీలు నవాబులవి మాత్రమే అనుకొనుటయు పొరపాటే. నిజాము ప్రభుత్వపు రెవెన్యూ దఫ్తరును తరతరములుగా నిర్వహించిన మాల్వాలా కాయస్థుల దేవిడీ చార్మినారు చేరువనే ఉండెను. అందు అధికభాగము 2000 సంవత్సరమున కూల్చబడినది.

చిన్న దేవిడీలకు ఈపాటి ప్రస్తావనయు లేదు. 1949లో జాగీర్లు రద్దుకాగా రాబడి నిలిచినది. వారసులు పెరిగిరి, అంగణము వాటాలైనది. వరండాలకు గోడలు లేచి అద్దెకు పోయినవి. పిమ్మట ఎన్నో చోట్ల కమాను ప్రక్కనే దుకాణములు వెలసినవి. దీనిని పతనమని నిట్టూర్చుట సులభము. నేనంతగా నిట్టూర్చను. ఏ గడప ముందు తాత నిలిచిపోయెనో, దాని లోపల మనుమడు అద్దెకైనను కాపురమున్నాడు. ఆ కాపురమును దేవిడీ చరిత్రయే. షాండ్లియర్లను లెక్కించిన వ్రాతలు చాలినన్ని ఉన్నవి. హౌజు నింపినవారెవరో, వంటశాలలో పొయ్యి రాజేసినవారెవరో వ్రాసినవి అరుదు.

ఈ పని మన కళాశాలకు తగినది. పాత దస్తావేజులు ఉర్దూలో, ఫార్సీలో ఉన్నవి. వాటిని తెలుగు విద్యార్థి చదువలేడు. చదివిన ఉర్దూ విద్యార్థి తెలుగున వ్రాయుటకు జంకును. ఇద్దరును జంటగా పోయి ఒక్కొక్క అంగణమును కొలిచి, ఫోనుతో ఛాయాచిత్రములు తీసి, అచటి వృద్ధుల మాటలను రెండు భాషలలో వ్రాసి తేవలయును. ఇంటివారి అనుమతి లేక కాగితము ముట్టరాదు. వచ్చు సంచికలో ఇందుకు ఎనిమిది పుటలు కేటాయింపవలసినదని కమిటీవారికి మనవి. పోవు విద్యార్థులు మొదట హౌజు పూడ్చిన చోటెక్కడో అడుగుడు. అది తేలినచో, ఎన్ని గోడలు అడ్డుగా లేచినను, అంగణము హద్దులు ఊహించుట సులభమగును.