నీరు పల్లమెరుగు... మనమే మరిచాం!

‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అన్నారు పెద్దలు. అపార్ట్‌మెంట్లో అన్నిటికంటే పల్లాన ఉండేది సెల్లారు. ఆ సెల్లారులో ఓ మూల, రెండు కార్ల మధ్య ఎవరికీ పట్టకుండా పడి ఉండేది ఓ చిన్న జాలీ. రోజూ దాని మీంచే బండి తీసుకెళ్తుంటాం. దానికీ ఓ పనుందని మనకు గుర్తొచ్చేది ఎప్పుడంటే... నీళ్లు మోకాళ్లదాకా వచ్చినప్పుడు!

ఇది నా అనుభవమే. అందుకే ముందు నా తప్పు ఒప్పుకుని, ఆ తర్వాతే సలహాలు చెబుతాను.

మాది హైదరాబాద్‌లో ఇరవై ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటు. వాచ్‌మన్ కుటుంబం సెల్లారులోనే ఓ గదిలో ఉంటుంది. ఓ వేసవిలో అతను నాతో రెండుసార్లు చెప్పాడు. ‘‘మేడమ్, జాలీ కాడ నీళ్లు పోతలేవు. వానలు రాకముందే ఒకసారి తీపియ్యుండ్రి’’ అని. ‘‘మీటింగులో చెబుతాలే’’ అన్నాను. అసోసియేషన్ మీటింగు జరిగింది. గేటుకు ఏ రంగు వేయించాలన్న దాని మీద గంటన్నర చర్చ. జాలీ సంగతి గుర్తొచ్చింది కానీ, ఆ గోలలో ఎవరు వింటారులే అని ఊరుకున్నాను.

జులైలో ఓ రాత్రి రెండింటికి తలుపు దబదబా బాదారు. కిందికి వెళ్లి చూస్తే సెల్లారు చెరువులా ఉంది. స్కూటర్లు సగం మునిగాయి. వాచ్‌మన్ భార్య బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. పక్కనే పదో తరగతి చదివే వాళ్లమ్మాయి, తడిసిన పుస్తకాల సంచి గుండెలకు హత్తుకుని.

మర్నాడు ప్లంబరు వచ్చి జాలీ ఎత్తాడు. ఎండుటాకులు, పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు బయటికొచ్చాయి. వాటి అడుగున తెల్లగా, రాయిలా ఓ ముద్ద. ‘‘ఇది టైల్స్ పని సిమెంటు. ఈమధ్య ఎవరింట్లో పని చేయించారు?’’ అని అడిగాడు. నేను మాట్లాడలేదు. పని జరిగింది మా వంటింట్లోనే. మేస్త్రీ రోజూ సాయంత్రం గమేళా, తాపీ కడిగింది ఆ జాలీ దగ్గరే. ఎంత శుభ్రంగా పని ముగిస్తాడో అని మెచ్చుకున్నాను కూడా!

ఆ వారమంతా ఆ పిల్ల తన నోట్సులు ఒక్కో కాగితం విడదీసి మేడ మీద ఆరబెట్టింది. మా కార్లకు ఇన్సూరెన్సు ఉంది. ఆ నోట్సుకు లేదు.

సెల్లారు నీళ్లు ఎటు పోతాయి?

మేడ మీద పడిన వాన తనంతట తాను కిందికి దిగుతుంది. సెల్లారులో అలా కుదరదు. అక్కడి నేల రోడ్డు పక్క కాలువ కంటే పల్లంలో ఉంటుంది. అందుకే ర్యాంపు కింద అడ్డంగా, పైన జాలీ పరిచిన ఓ సన్న కాలువ కడతారు. ఆ కాలువ నీళ్లూ, నేల మీది జాలీల్లోకి దిగే నీళ్లూ ఓ గుంతలోకి చేరతాయి. అక్కడి నుంచి మోటారు వాటిని పైకి తోడి బయటికి పంపుతుంది. జాలీ, పైపు, గుంత, మోటారు... ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి పని చేయకపోయినా మిగతావి ఉండీ లేనట్టే.

ఓ చిన్న లెక్క చూడండి. చదరపు మీటరు నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది లీటరు నీళ్లు. మీ ర్యాంపు 5 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉందనుకుందాం. అంటే 60 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ ర్యాంపు మీద పడిన నీళ్లే 3,000 లీటర్లు! రోడ్డు మీంచి వచ్చిపడే వరద దీనికి అదనం. 2020 అక్టోబరులో బేగంపేటలో 24 గంటల్లోనే 190 మిల్లీమీటర్లకు పైగా కురిసిన సంగతి నగరవాసులు మరిచిపోలేరు.

ఇంకో దారి కూడా ఉంది. రోడ్డు మీది మ్యాన్‌హోల్ నిండితే మురుగు వెనక్కి తన్నుతుంది. అన్నిటికంటే కింద ఏ రంధ్రం ఉందో అక్కడి నుంచి పొంగుతుంది. చాలా ఇళ్లలో అది వాచ్‌మన్ గది బాత్రూమే. మేడ మీది వాన పైపును డ్రైనేజీ లైనుకు కలిపేస్తే ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆ నీటిని ఇంకుడు గుంతకు మళ్లిస్తే ముప్పూ తగ్గుతుంది, భూమిలో నీరూ పెరుగుతుంది.

నెలకో గంట చాలు

* జాలీ ఎత్తి చెత్త, ఇసుక తీయించండి. వానాకాలంలో వారానికోసారి. చెత్తను జాలీలోకే ఊడ్చేసే అలవాటు ఉంటే మాన్పించండి.

* రెండు బకెట్ల నీళ్లు ఒక్కసారిగా పోసి చూడండి. గడగడలాడుతూ నిదానంగా దిగుతుంటే పైపులో అడ్డం ఉన్నట్టే. నీళ్లు పూర్తిగా ఆగిపోయేదాకా ఎదురుచూడొద్దు.

* బాత్రూములో నేల మీది జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. అందులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండి దుర్వాసననూ, బొద్దింకలనూ ఆపుతాయి. వాడని బాత్రూములో, ముఖ్యంగా వేసవిలో, ఆ నీళ్లు ఆవిరైపోతాయి. అప్పుడప్పుడూ ఓ చెంబెడు నీళ్లు పోస్తే సరి.

* గుంతలో మోటారుకు తేలే స్విచ్చు ఉంటుంది. నీళ్లు పెరిగి అది పైకి లేస్తే మోటారు దానంతటదే ఆడుతుంది. వానలు రాకముందే గుంతలో నీళ్లు పోసి పరీక్షించండి. గట్టి వానల్లో కరెంటు పోవడం మామూలే కాబట్టి, జనరేటరు ఉంటే ఆ మోటారుకూ లైను ఇప్పించండి.

* మోటారు పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ ఉందేమో అడగండి. అది లేకపోతే తోడిన నీళ్లే తిరిగి కిందికి వస్తాయి.

* ఎవరింట్లో టైల్స్ పని జరిగినా, పనిముట్లు డ్రమ్ములోనే కడగమనండి. అడుగున పేరుకున్న సిమెంటును బస్తాలో వేసి పారేయాలి. ముద్ద కట్టాక యాసిడ్ పోస్తే కరిగిపోతుందిలే అనుకోవద్దు. గాలి ఆడని సెల్లారులో ఆ పొగే ప్రమాదం.

* లోతైన గుంతలోకీ, మ్యాన్‌హోల్‌లోకీ ఎవరినీ దించొద్దు. విషవాయువులతో ప్రాణాలు పోతాయి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషుల్ని మ్యాన్‌హోల్‌లోకి దించి శుభ్రం చేయించడాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది.

నీళ్లు వచ్చేశాయా... ఆగండి!

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. నీళ్లు నిండిన సెల్లారులోకి కారు కోసమో, మోటారు వేయడానికో దిగకండి. మీటర్ల బోర్డు సాధారణంగా అక్కడే ఉంటుంది. 2020 వానల్లో హైదరాబాద్‌లో సెల్లారు నీళ్లు తోడబోయి కరెంటు షాక్‌తో ప్రాణం పోగొట్టుకున్నవారున్నారు. మెయిన్ స్విచ్చు నీళ్లలో ఉంటే దాన్ని ముట్టుకోకుండా విద్యుత్ సిబ్బందికి ఫోన్ చేయండి. వాన ముదురుతుండగానే లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆపేయండి. అందరికంటే ముందు కింది గదిలో ఉన్నవాళ్లను పైకి పిలవండి. 2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వరద చొచ్చుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. కిందున్నవాళ్లకు నీళ్లు ఎక్కువ సమయం ఇవ్వవు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో జూన్ మొదటి ఆదివారం జాలీల పండగ! ప్రతి ఫ్లాటు నుంచీ ఒకరు కిందికి రావాల్సిందే. ర్యాంపు పైన రోడ్డు నీళ్లు రాకుండా గట్టు కట్టించాం. వాచ్‌మన్ కుటుంబానికి మొదటి అంతస్తు మెట్ల పక్క స్టోర్‌రూమును గదిగా మార్చి ఇచ్చాం. గేటుకు రంగు మాత్రం ఇంకా వేయలేదు.

ఆ అమ్మాయికి కొత్త పుస్తకాలు కొనిచ్చాను. నోట్సు మాత్రం కొనలేను కదా. స్నేహితురాళ్ల దగ్గర తెచ్చుకుని మళ్లీ రాసుకుంది. పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరింది కూడా. ‘‘అప్పుడు రెండుసార్లు రాసిన గదా మేడమ్, అందుకే బాగ గుర్తున్నయ్’’ అని నవ్వింది. నాకైతే నవ్వు రాలేదు.

పేపరు చదవడం అయ్యాక ఓ బకెట్ నీళ్లతో ఒకసారి సెల్లారులోకి వెళ్లి రండి. జాలీలో పోసి చూడండి. నీళ్లు గబగబా దిగిపోతే హాయిగా వచ్చి టిఫిన్ చేయండి. ఆగాయంటే... మీ వాచ్‌మన్ ఇంతకుముందే ఆ మాట మీకు చెప్పాడేమో గుర్తు చేసుకోండి.